బుడమేరులో తడిసిన ఐఆర్ఏ కాగితాలు, గవర్నర్‌పేటలో మూడో అంతస్తు

విజయవాడలో అమెరికా ట్యాక్సు పని చేసేవాళ్లు ఎవరున్నారని మా చుట్టాల్లోనే నలుగురు అడిగారు. విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను. ఆఫీసు గవర్నర్‌పేటలో, ఏలూరు రోడ్డు నుంచి లోపలికి వెళ్లే ఒక సందులో ఉంది. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. అంతా చూసుకునేది ఒక్కరే, అమెరికా పన్నుల శాఖ (ఐఆర్ఎస్) పెట్టే ఎన్రోల్డ్ ఏజెంట్ పరీక్ష పాసైన నలభై ఏళ్ల మనిషి. పేరు రాయొద్దని ఆయనే అన్నారు, "ఉన్న పనే తెమలట్లేదమ్మా" అని.

నా గొడవ ఇది. న్యూజెర్సీలో ఉద్యోగం చేసే రోజుల్లో, 2003 నుంచి 2009 దాకా, ఏటా ట్రెడిషనల్ ఐఆర్ఏలో, అంటే అక్కడి రిటైర్మెంట్ పొదుపు ఖాతాలో, డబ్బు వేశాను. మా దంపతులిద్దరి జీతాలూ పరిమితి దాటడంతో దానికి పన్ను మినహాయింపు రాలేదు. అంటే పన్ను కట్టేసిన డబ్బే లోపలికి వెళ్లింది. దాన్నే బేసిస్ అంటారు. తీసుకునేటప్పుడు ఆ మేరకు మళ్లీ పన్ను ఉండదు, కానీ ఎంత వేశామో ఏటా 8606 ఫారంలో చూపించి ఉండాలి. అప్పట్లో మా రిటర్నులు వేసినాయన ఒక్క ఏడాదీ ఆ ఫారం పెట్టలేదు. నేనూ అడగలేదు, అలాంటిది ఒకటుందని తెలిస్తే కదా! కాగితాలన్నీ సింగ్‌నగర్‌లో అమ్మ ఇంట్లో రేకు పెట్టెలో ఉండేవి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు ఆ ఇంట్లోకి వచ్చింది.

అదే ఏడాది మార్చిలో, అరవై నిండాక, మొదటిసారి 10,000 డాలర్లు తీశాను. పౌరసత్వం అక్కడిదే కాబట్టి రిటర్ను తప్పదు. మరుసటి ఏడాది వచ్చిన 1099-ఆర్‌లో, అంటే తీసిన డబ్బు లెక్క చూపే ఫారంలో, పన్ను పడే మొత్తం 10,000 అని నిండుగా ఉంది, దాని కిందే "నిర్ణయించలేదు" అన్న గడిలో టిక్కు. తేల్చుకోవాల్సింది నేనే అన్నమాట. ముందు ఫోన్లో మాట్లాడిన ఒకాయన, కాగితాల్లేకపోతే మొత్తానికీ కట్టేయమన్నాడు. ఈయన మాత్రం "ఏం మిగిలితే అవి తీసుకురండమ్మా, బురదతో సహా" అన్నారు.

డాబా మీద క్లిప్పులు పెట్టి ఆరేసిన రిటర్నులు, డబ్ల్యూ-2లు (ఏడాది జీతం లెక్క చూపే కాగితాలు), చెక్కుబుక్కుతో ఇచ్చే చిన్న పద్దు పుస్తకం పట్టుకెళ్లాను. పుస్తకం అట్ట ఊడిపోయింది, పేజీలు అప్పడాల్లా పెళుసెక్కాయి, కానీ బాల్‌పెన్ రాత చెదరలేదు. ఆయన ప్లాస్టిక్ స్కేలు పేజీ కింద దూర్చి, మెల్లగా లేపి, ఫోటో తీసి, తర్వాతి పేజీకి వెళ్లేవారు. 2005 మార్చి 28 నాటి 3,000 డాలర్ల చెక్కు దగ్గర ఆగారు. నేను దాన్ని 2005లో కలిపేశాను. "ఏప్రిల్ 15 లోపు వేసింది పాత ఏడాదికి లెక్క చూపించుకోవచ్చు. 3,000 పరిమితి 2004ది. 2005కి 4,000 కదా" అన్నారు. పరీక్షగా చూస్తే పక్కన నా రాతలోనే చిన్నగా 04 అని ఉంది.

ఐఆర్ఎస్ ఇచ్చే జీతాల, 5498ల (ఐఆర్ఏలో జమలు చూపే ఫారాలు) ట్రాన్‌స్క్రిప్టులు పదేళ్ల వెనక్కి మించి రావు, మాకు పనికిరాలేదు. ఖాతా ఉన్న కంపెనీ మధ్యలో చేతులు మారింది. రెండు ఉత్తరాలు రాస్తే, నలభై రోజులకి, 2006 నుంచి జమల జాబితా పంపారు. మినహాయింపు తీసుకోలేదనడానికి పాత రిటర్నుల మొదటి పేజీ సరిపోయింది, అక్కడ ఐఆర్ఏ మినహాయింపు రాసే గీత ఖాళీ. 2004 రిటర్ను మాత్రం ముద్దయిపోయింది. దానికి ఆయన పట్టిన దారి నాకు బాగా నచ్చింది. సోషల్ సెక్యూరిటీ వెబ్‌సైట్లో మన జీతాలు మొదటి ఉద్యోగం నుంచీ ఏడాదివారీగా ఉంటాయి, ఉచితంగా. మా ఇద్దరివీ కలిపితే 2004లో లక్షా ముప్పై వేల డాలర్లు. ఆఫీసులో రిటైర్మెంట్ ప్లాను ఉన్న దంపతులకి ఆ ఏడాది ఆదాయం 75,000 దాటితే మినహాయింపే లేదు. ప్లాను ఉందనడానికి డబ్ల్యూ-2 పదమూడో గడిలో టిక్కు ఉండనే ఉంది.

2003 దగ్గర గొడవపడ్డాం. 3,000 వేశానని నాకు ఖాయంగా గుర్తు. పద్దు పుస్తకమేమో 2004 మేలో మొదలవుతుంది. "మీకు గుర్తుందమ్మా, గుర్తుకి జిరాక్సు తీయలేం కదా" అని ఆ ఏడాది కొట్టేశారు. ఏడేళ్లకీ కలిపి నేను వేసిన 28,000 కాస్తా 25,000 అయింది. రెండు రోజులు కోపంగానే ఉన్నాను.

పోనీ ముందు ఆ 25,000 తీసేసుకుందామంటే అదీ కుదరదట. "సాంబారులోంచి పప్పు ఒక్కటే వడ్డించమంటే ఎలాగమ్మా?" పాత 401(కె), అంటే ఆఫీసు రిటైర్మెంట్ ఖాతా, నుంచి తెచ్చి కలిపిన డబ్బుతో సహా ట్రెడిషనల్ ఐఆర్ఏలన్నీ ఒకటే లెక్క. ఏడాది చివర నిల్వ 1,15,000, తీసింది 10,000, కలిపి 1,25,000. అందులో నా 25,000 ఐదో వంతు. కాబట్టి తీసినదాంట్లో 2,000కి పన్ను లేదు, మిగిలిన 23,000 బేసిస్ ముందు ఏళ్లకి.

ఆరేళ్లకీ ఏ ఏడాది 8606 ఆ ఏడాదిదే నింపి, సంతకాలు పెట్టించి పంపారు. సరైన కారణం చూపకపోతే ఫారానికి 50 డాలర్ల జరిమానా. వరద సంగతి రాద్దామన్నాను. నవ్వారు. "వరద 2024లో వచ్చింది, ఫారం మానేసింది 2005లో. అది రాస్తే మిగతాదీ నమ్మరు." ఇంతవరకూ జరిమానా ఉత్తరమైతే రాలేదు.

ఫీజు 22,000 రూపాయలు తీసుకున్నారు, తక్కువేం కాదు. వాట్సాప్‌కి రాత్రి పది దాటితేగానీ జవాబు రాదు. మొదటి డ్రాఫ్టులో ఇంటిపేరు, నా పేరు తారుమారయ్యాయి, తెలుగాయన అయ్యుండి! ఇండియా వైపు లెక్క, అంటే విదేశీ రిటైర్మెంట్ ఖాతాలకి ఇక్కడి పన్ను చూసే సెక్షన్ 89ఎ, ఫారం 10-ఈఈ లాంటివి, తన పని కాదని మొదటే చెప్పేశారు, దానికి మా సీఏ ఉన్నారు.

వెళ్లేవాళ్లు మధ్యాహ్నం మూడు తర్వాత వెళ్లండి, అంతకుముందు తలుపు తీయరు. తడిసిన కాగితాలకి ఇస్త్రీ మాత్రం చేయకండి. నా 2007 డబ్ల్యూ-2 అలాగే నల్లబడింది.