బైకు మీద యాక్షన్ కెమెరా: బొమ్మకు వంక లేదు, మాటతోనే పేచీ

హెల్మెట్ గడ్డం దగ్గర బిగించుకునే యాక్షన్ కెమెరా గురించి ఎవరు చెప్పినా బొమ్మ గురించే చెబుతారు. ఎంత వెడల్పుగా పడుతుంది, గుంతల రోడ్డు మీద కూడా ఎంత నిలకడగా ఉంటుంది అన్నవి కొనేవారికి ముందే తెలిసిన సంగతులు కాబట్టి నేను వాటిని ఏకరువు పెట్టను. గుంటూరు నుంచి మంగళగిరి మీదుగా తాడేపల్లి, సీతానగరం, అక్కడి నుంచి కాలువ కట్టల వెంట దుగ్గిరాల వైపు, ఉండవల్లి దగ్గర కరకట్ట ఎక్కి అమరావతి వైపు, ఎండల్లోనూ వానల్లోనూ కొన్నేళ్లుగా ఈ కెమెరాతో తిరుగుతున్నాను. ఇన్నాళ్ల వాడకం తర్వాత నాకు గట్టిగా చెప్పాలనిపిస్తున్నది ఒక్కటే. దీన్ని తయారుచేసినవారు కంటి మీద పెట్టిన శ్రద్ధలో నాలుగో వంతు కూడా చెవి మీద పెట్టలేదు.

ధ్వని గురించి నాకింత పట్టింపు ఉండడానికి కారణం మా నాన్నగారు. ఆయన జలవనరుల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి పదవీ విరమణ చేశారు. ఆదివారం పూట నా వెనుక కూర్చుని, దారిలో కనిపించే ప్రతి లాకు గురించీ ప్రతి తూము గురించీ చెబుతూ ఉంటారు. ప్రకాశం బ్యారేజీ దాటుతుంటే, 1855లో పూర్తయిన పాత ఆనకట్ట దాదాపు నూరేళ్లు డెల్టాకు నీళ్లిచ్చి 1952లో ఎలా తెగిపోయిందో, ఆ తర్వాత 1957 నాటికి ఈ 70 గేట్ల బ్యారేజీ ఎలా నిలబడిందో చెప్పుకొస్తారు. కాలువ కట్ట ఎక్కితే ఏ మలుపులో గట్టు బలహీనమో, ఏ ఊరి రైతులు ఏ ఏడు నీటి కోసం లాకుల దగ్గర పడుకున్నారో చెబుతారు. ఇవి ఏ పుస్తకంలోనూ లేని విషయాలు. ఇంట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టి అడిగితే రావు. ఆ చోటు కళ్ల ముందు కనబడితేనే ఆయన నోట మాట కదులుతుంది. నేను కెమెరా కొన్నది ఆ మాటను దాచుకోవడానికి.

కెమెరాకు ఉన్న సొంత మైకులతో ఆ పని జరగదని మొదటి వారంలోనే తెలిసిపోయింది. బైకు వేగం 40 కిలోమీటర్లు దాటగానే మాటను మింగేసే ఆ హోరును మనం గాలి చప్పుడు అంటాం కానీ, అది దూరం నుంచి వచ్చి మైకును చేరే చప్పుడు కాదు. కెమెరా అంచుల దగ్గర సుడులు తిరిగే గాలి నేరుగా మైకు పొరను కొట్టడం వల్ల పుట్టేది అది. అందుకే పక్కన లారీ హారన్ కొట్టినా వినబడని స్థితి వస్తుంది. దానికి తోడు కెమెరా తనంతట తానే ధ్వని స్థాయిని ఎక్కిస్తూ దించుతూ ఉంటుంది. జాతీయ రహదారి మీద హోరు పెరిగితే మొత్తం స్థాయిని దించేస్తుంది, కాజ టోల్‌గేటు దగ్గర ఆగగానే మళ్లీ ఎక్కించి పక్క ఆటో ఇంజను చప్పుడును చెవులు చిల్లులు పడేలా వినిపిస్తుంది. ఈ రెండింటి మధ్య వెనుక కూర్చున్న మనిషి గొంతుకు చోటే ఉండదు.

సెట్టింగుల్లో గాలి హోరును తగ్గించే ఏర్పాటు ఒకటి ఉంది. కొన్న కొత్తలో అది చాలునని మిత్రులకు చెప్పాను. బ్రాడీపేట లైన్లలో, అరండల్‌పేటలో, బెజవాడ బందరు రోడ్డు రద్దీలో నెమ్మదిగా వెళ్లేటప్పుడు ఆ మాట ఇప్పటికీ చెల్లుతుంది. వేగం పెరిగితే మాత్రం ఆ ఏర్పాటు చేసేదల్లా హోరు ఎక్కువగా ఉండే మంద్ర స్థాయిని కోసి పారేయడమే. మనిషి గొంతులోని నిండుదనం కూడా అక్కడే ఉంటుంది కాబట్టి, మిగిలే మాట రేకు డబ్బాలోంచి వస్తున్నట్టు ఉంటుంది. మా నాన్నగారి గొంతును నేను అలా దాచుకోలేను.

అందుకని మాటను పట్టి పంపే రెండు ట్రాన్స్‌మిటర్లు, దాన్ని అందుకునే ఒక రిసీవరు ఉన్న వైర్‌లెస్ మైకుల సెట్టు కొన్నాను. నా హెల్మెట్‌లో ఒకటి, ఆయన హెల్మెట్‌లో ఒకటి, రిసీవరేమో నా జర్కిన్ జేబులో. రిసీవరు నుంచి కెమెరాకు తీగ కలపాలంటే, కెమెరా కంపెనీయే విడిగా అమ్మే అడాప్టరు కావాలి. బజారులో దొరికే మామూలువి నా కెమెరా ఒప్పుకోలేదు. ఆ అడాప్టరు పెట్టాలంటే కెమెరా పక్కన బ్యాటరీనీ పోర్టునూ కాపాడే మూతను పూర్తిగా తీసేయాలి. నా అసలు అభ్యంతరం ఇక్కడే మొదలవుతుంది. 10 మీటర్ల లోతు నీటిలోనూ చెడదని పెట్టె మీద ముద్రించుకున్న వస్తువు, మనిషి మాట సరిగ్గా వినాలనుకున్న క్షణం నుంచి చిన్న తుంపరకు కూడా తట్టుకోలేనిదిగా మారిపోతుంది.

మొదట్లో చాలా ప్రయాణాలు బాగానే సాగాయి, రికార్డయిన మాట వింటుంటే ఎంతో తృప్తిగా ఉండేది. ఆ తర్వాత ఒక సెప్టెంబరులో, పొద్దున కురిసిన వాన వెలిశాక, సీతానగరం దగ్గర కాలువ కట్ట ఎక్కి దుగ్గిరాల వైపు బయలుదేరాం. కాలువ నిండుగా పారుతోంది. ఆ నీళ్లు చూసి మా నాన్నగారు 2009 అక్టోబరు వరద సంగతి ఎత్తారు. బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటిన రోజులవి. 2024 సెప్టెంబరు మొదట్లో అంతకు మించిన వరద వచ్చేదాకా ఈ ప్రాంతంలో ఎవరు పోలిక చెప్పినా దానితోనే చెప్పేవారు. ఆ రాత్రుళ్లు ఆయన కరకట్ట మీద విధుల్లో ఉన్నారు. లాంతరు వెలుతురులో గట్టు వెంట నడుస్తూ ఊట ఎక్కడ కనబడుతుందా అని చూడడం, కనబడినచోట ఇసుక బస్తాలు వేయించడం, బస్తాలు మోయడానికి పిలవకుండానే వచ్చిన పల్లె కుర్రాళ్లు, వారికి అన్నం వండి తెచ్చిన ఆడవాళ్లు, ఇలా ఊరు ఊరుగా, మనిషి మనిషిగా చెప్పుకుంటూ వచ్చారు. నేను వేగం పెంచకుండా, అడ్డు మాట్లాడకుండా బండి నడిపాను. దుగ్గిరాల లాకులు ఇంకా కొంత దూరం ఉందనగా చినుకులు మొదలయ్యాయి. కెమెరా మీద పాలిథిన్ సంచి కప్పి కట్టాను, అయినా తడి ఆగలేదు.

ఇంటికి వచ్చి ఫైళ్లు తెరిస్తే బొమ్మ అద్దంలా ఉంది. కాలువ, గట్టు మీది తుమ్మ చెట్లు, నా భుజం మీదుగా ముందుకు చాచి ఒక తూమును చూపిస్తున్న ఆయన చెయ్యి, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. మాట మాత్రం కట్ట ఎక్కిన కొద్ది నిమిషాలకే ఆగిపోయింది. అక్కడినుంచి ధ్వని రేఖ గీత గీసినట్టు చదునుగా ఉంది. అప్పటికి చినుకులు ఇంకా మొదలే కాలేదు కాబట్టి ఇది తడి వల్ల జరిగింది కాదు. ఏదో గుంతలో పడ్డప్పుడు అడాప్టరు పోర్టులో వెంట్రుకవాసి కదిలింది, అంతే. అలా కదిలినప్పుడు ఈ కెమెరా తన సొంత మైకులకు మారదు. మైకు ఇంకా ఉన్నట్టే భావించి నిశ్శబ్దాన్ని రికార్డు చేస్తూ పోతుంది. తెర మీద చిన్న గుర్తు ఏదైనా మారుతుందేమో కానీ, గడ్డం కింద ఉన్న కెమెరా తెరను బండి నడిపేవాడు చూసే వీలెక్కడిది? రికార్డింగు ఆగితే కూత పెట్టే యంత్రానికి, ధ్వని ఆగినప్పుడూ ఒక కూత పెట్టడం అసాధ్యమేమీ కాదు.

తడి చేసిన నష్టం మరుసటి రోజు బయటపడింది. పోర్టులో పచ్చటి చిలుము పట్టి, కెమెరా తీగ ద్వారా చార్జింగు తీసుకోవడం మానేసింది. కొన్న దుకాణం ద్వారా కంపెనీ సర్వీసు కేంద్రానికి పంపితే, లోపలికి నీరు వెళ్లింది కాబట్టి వారంటీ వర్తించదని తిప్పి పంపారు. మూత మూసి ఉన్నప్పుడే నీటి నుంచి రక్షణ అన్న నిబంధన కాగితాల్లో ఉన్న మాట వాస్తవమే. అయితే మూత తీస్తే తప్ప పెట్టలేని అడాప్టరును అమ్మిందీ ఆ కంపెనీయే కదా అన్న నా ప్రశ్నకు వారి దగ్గర జవాబు లేదు. డబ్బు నష్టం నన్ను అంతగా బాధించలేదు. వారం తర్వాత మా నాన్నగారిని ఆ వరద సంగతి మళ్లీ చెప్పమని అడిగాను. "చెప్పాగా అబ్బాయ్, రాత్రంతా కట్ట మీదే ఉన్నాం, బస్తాలు వేశాం, దేవుడి దయవల్ల గండి పడలేదు" అని ఊరుకున్నారు. ఆ రోజు కట్ట మీద అరగంటకు పైగా చెప్పిన మాట, ఇంట్లో మూడు ముక్కల్లో ముగిసింది.

దీని తర్వాత కెమెరాను పక్కన పెట్టేసేవాణ్ణే కానీ, నేను పెద్దగా లెక్కలోకి తీసుకోని ఒక సౌకర్యం నన్ను నిలబెట్టింది. నేను కొన్న ట్రాన్స్‌మిటర్లకు వాటి లోపలే మెమరీ ఉంది. రిసీవరుతో, కెమెరాతో సంబంధం లేకుండా, మీట నొక్కితే తమంతట తామే రికార్డు చేసుకుంటాయి. కాలువ ప్రయాణం నాడు ఆ మీట నొక్కే అవసరం ఉంటుందని ఎవరికీ తోచలేదు. ఇప్పుడు మాత్రం రిసీవరూ తీగా అడాప్టరూ అన్నీ ఇంట్లోనే ఉంటాయి. కెమెరా మూత మూసే ఉంటుంది. మాట ట్రాన్స్‌మిటర్లలో, బొమ్మ కెమెరాలో విడివిడిగా చేరతాయి. పైగా 32 బిట్ ఫ్లోట్ పద్ధతిలో రికార్డవుతుంది కాబట్టి, ఆయన గుసగుసగా అన్న మాటనూ ఉన్నట్టుండి పెద్దగా నవ్విన నవ్వునూ తర్వాత ఎడిటింగులో సరిచేసుకోవచ్చు, ధ్వని పగిలిపోదు. తీగ ద్వారా కెమెరాలోకి వెళ్లిన మాట కన్నా ఇది ఎంతో నిండుగా ఉంది.

రెంటినీ జత చేయడం కష్టమేమో అని జంకేవారికి ఒక మాట. బయలుదేరే ముందు కెమెరా ఎదుట ఒకసారి గట్టిగా చప్పట్లు చరిస్తే, ఎడిటింగులో ఆ చప్పుడును ఆనవాలుగా పెట్టుకుని రెండింటినీ కలపవచ్చు. రెండు యంత్రాల గడియారాలు సరిగ్గా ఒకేలా నడవవు కాబట్టి గంట గడిచేసరికి కొద్ది ఫ్రేముల తేడా వస్తుంది. టీకి ఆగిన ప్రతిచోటా మళ్లీ ఒక చప్పట్టు చరిస్తే అది సరిపోతుంది. నిజానికి మా వీడియోల్లో పెదవులు కనబడవు, కనబడేది రోడ్డే, కాబట్టి ఆ స్వల్ప తేడా ఎవరికీ తెలియదు. హెల్మెట్ లోపల మైకును నోటికి ఎదురుగా కాక, చెంప దగ్గరి మెత్తను ఆనించి పెట్టాలి. బొచ్చు తొడుగు కన్నా సన్నటి స్పాంజి తొడుగే లోపల బాగా ఇముడుతుంది. అన్నిటికన్నా ఎక్కువగా పనిచేసింది మా నాన్నగారి కండువా. దాన్ని మెడ చుట్టూ తిప్పి గడ్డం కింద కుక్కుకుంటే, కింది నుంచి హెల్మెట్‌లోకి దూరే గాలి చాలావరకు ఆగిపోతుంది.

మిగతా విషయాలు క్లుప్తంగా చెబుతాను. బొమ్మ నిలకడ గురించి మొదట్లో నేను చేసిన పొగడ్త పగటి వెలుతురుకే పరిమితం. చీకటి పడ్డాక కనకదుర్గ ఫ్లైఓవరు మీద దీపాలు వణుకుతున్నట్టు పడతాయి. మే నెలలో మధ్యాహ్నం పూట బెంజి సర్కిల్ దగ్గర బండి ఆగి ఉంటే, గాలి తగలక కెమెరా వేడెక్కి ఆగిపోవడం మామూలే. కదులుతున్నంతసేపు ఆ బాధ లేదు. గడ్డం దగ్గర అంటించిన మౌంటు ఒక రోజంతా ఆరనిచ్చాక ఇప్పటికీ ఊడలేదు. ఎవరు సలహా ఇచ్చినా హెల్మెట్‌కు మాత్రం రంధ్రం చేయకండి. భద్రతా ప్రమాణాన్ని తెలిపే ఐఎస్ 4151 ముద్ర ఉన్న హెల్మెట్ కొన్నదే తలను కాపాడుకోవడానికి.

నా తీర్పును నా పరిస్థితులతో కలిపి చూడాలి. మేము 60 కిలోమీటర్ల వేగం దాటం, కొండ దారుల కన్నా కాలువ కట్టల మీదే ఎక్కువ తిరుగుతాం, వెనుక కూర్చునే మనిషికి డెబ్బై దాటాయి. ఒంటరిగా కొండవీడు, కోటప్పకొండ ఘాట్ రోడ్లు ఎక్కి, ఆ దృశ్యాలకు సంగీతం జోడించుకునేవారికి నా పేచీ పట్టించుకోదగ్గది కాకపోవచ్చు, వారు నిశ్చింతగా కొనుక్కోవచ్చు. మాట కావాలనుకునేవారు మాత్రం పాత మోడల్ కెమెరా తక్కువ ధరకు తీసుకుని, మిగిలిన డబ్బును సొంత మెమరీ ఉన్న మైకుల మీద పెట్టడం మేలని నా అభిప్రాయం. పోర్టు చెడిన నా కెమెరాను బయటి చార్జరుతో బ్యాటరీలు నింపుకుంటూ, ఫైళ్లను కార్డ్ రీడరుతో తీసుకుంటూ ఇప్పటికీ వాడుతున్నాను. ఇది పూర్తిగా మూలపడి కొత్తది కొనాల్సి వస్తే, మైకు తగిలించాక కూడా మూత మూసుకుంటుందా, ధ్వని ఆగితే కూత పెడుతుందా అని దుకాణంలోనే పరీక్షించి చూశాకే డబ్బు కడతాను.