అంకీ యాప్ సమీక్ష: ఏడాదిన్నర వాడకం తర్వాత ఒక ఎంబీబీఎస్ విద్యార్థిని అభిప్రాయం

ఎంబీబీఎస్ మొదటి ఏడాదిలో సబ్జెక్టులు మూడే: అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ. వినడానికి తేలికగా అనిపించే ఈ మూడింటి వెనుక ఉదయం డిసెక్షన్ హాలు, మధ్యాహ్నం ప్రాక్టికల్స్, రాత్రి రికార్డులు, పార్టు (శరీరంలో ఒక భాగం పాఠం) ముగిసిన ప్రతిసారీ వైవా అనే మౌఖిక పరీక్ష, నడుమ ఇంటర్నల్స్ అనే కాలేజీ పరీక్షలు ఉంటాయి. థియరీకి 75 శాతం, ప్రాక్టికల్స్‌కు 80 శాతం హాజరు లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు కాబట్టి, తరగతి మానుకుని గదిలో చదువుకునే వెసులుబాటు కూడా ఉండదు. నాకు చదవడం కష్టం కాలేదు. చదివింది నిలవకపోవడమే నన్ను కుంగదీసింది. చేతి నరాలు, కండరాలు నెల రోజులు కూర్చుని చదివి, ఆ పార్టు వైవా బాగా చెప్పి, కాలి భాగం పూర్తయ్యేసరికి వెనక్కి తిరిగి చూస్తే చేతిలో సగం పేర్లు మిగల్లేదు. చిల్లికుండలో నీళ్లు పోస్తున్నానన్న బాధతో మొదటి మూడు నెలలు గడిచాయి. ఆ స్థితిలో హాస్టల్‌లో ఒక సీనియర్ అక్క తన ఫోనులో, ప్రశ్న-జవాబు కార్డులతో చదివింది గుర్తుచేయించే అంకీ యాప్ చూపించింది. ఇప్పుడు రెండో దశలో ఉన్న నేను, నాలాగే కుస్తీ పడుతున్నవారికి ఉపయోగపడుతుందన్న ఉద్దేశంతో దాని బాగోగులను వివరంగా రాస్తున్నాను.

అంకీ అన్నది జపనీస్ మాట. మన భాషలో చెప్పాలంటే కంఠస్థం చేయడం. డేమియన్ ఎల్మ్స్ అనే ప్రోగ్రామర్ తాను జపనీస్ నేర్చుకునే క్రమంలో దీన్ని తయారుచేసి 2006లో విడుదల చేశారు. పని చేసే తీరు చాలా సరళం. కార్డుకు ఒకవైపు ప్రశ్న, మరోవైపు జవాబు ఉంటాయి. ప్రశ్న చూసి, జవాబును మనసులో పూర్తిగా చెప్పుకుని, ఆ తర్వాతే కార్డు తిప్పాలి. ఎంత బాగా గుర్తొచ్చిందో చెప్పడానికి ఎగైన్, హార్డ్, గుడ్, ఈజీ అని నాలుగు మీటలు ఉంటాయి. మన సమాధానాన్ని బట్టి ఆ కార్డు మళ్లీ ఎప్పుడు కనిపించాలో యాప్ లెక్కకడుతుంది. బాగా వచ్చిన కార్డు కొన్ని రోజుల తర్వాత, ఆపైన కొన్ని వారాలకు, ఆపైన నెలలకు వస్తుంది. తప్పిన కార్డు మాత్రం వెంటనే తిరిగి వస్తుంది.

ఇందులో కొత్త సిద్ధాంతమేదీ లేదు. మరుపు మొదట వేగంగానూ తర్వాత నెమ్మదిగానూ సాగుతుందని జర్మన్ మనస్తత్వవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ 1885లోనే తన మీద తానే ప్రయోగాలు చేసుకుని చూపించారు. 2006లో రోడిగర్, కార్పికే అనే మనస్తత్వవేత్తలు చేసిన ప్రయోగంలో, ఒక పాఠాన్ని పదేపదే చదివినవారు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత పెట్టిన పరీక్షలో మాత్రం, చదివింది చూడకుండా గుర్తుచేసుకునే ప్రయత్నం చేసినవారే ముందున్నారు. పరీక్ష ముందు రాత్రి పుస్తకం తిరగేస్తే అంతా వచ్చేసినట్టు ఎందుకు అనిపిస్తుందో, అదంతా నెలకు ఎందుకు ఆవిరవుతుందో నాకు ఈ ఒక్క ఫలితంతో అర్థమైంది. అసలు మా తాతయ్య నాకు శతక పద్యాలు నేర్పిన పద్ధతి కూడా ఇదే. నిన్నటి పద్యం, మొన్నటి పద్యం, పోయిన వారం పద్యం అప్పజెప్పించుకున్నాకే కొత్త పద్యం చెప్పేవారు. ఆ అప్పజెప్పించుకునే పెద్దమనిషి స్థానంలో ఇప్పుడు నా ఫోను ఉంది.

గుర్తుండడం వల్ల కలిగిన లాభం గురించి అందరూ చెబుతారు. నాకు అంతకన్నా పెద్ద మేలు మరొకటి జరిగింది. రాత్రి ఎనిమిదిన్నరకు మెస్ నుంచి గదికి వచ్చి, అలసిన మెదడుతో ‘ఈరోజు ఏం తిరగేయాలి?’ అని ఆలోచిస్తూ అరగంట పోగొట్టుకునేదాన్ని. అనాటమీ తీస్తే బయోకెమిస్ట్రీ మిగిలిపోయిందన్న దిగులు, బయోకెమిస్ట్రీ తీస్తే ఫిజియాలజీ గుర్తొచ్చి కంగారు. అంకీ ఆ నిర్ణయాన్ని నా చేతుల్లోంచి తీసేసుకుంది. ఈరోజు చూడాల్సినవి 140 అని అంకె చూపిస్తుంది. ఆ 140 పూర్తయ్యాక పాత పాఠాల విషయంలో నా బాధ్యత ఆ రోజుకు తీరినట్టే. మిగిలిన సమయమంతా కొత్త పాఠానికి నిశ్చింతగా ఇవ్వగలిగాను. పని బరువు తగ్గలేదు గానీ దాని హద్దు కనబడింది. హద్దు కనబడిన పనిని మోయడం తేలిక.

ఇక కార్డులు ఎలా రాయాలన్నది ఈ యాప్‌లో అన్నింటికన్నా ముఖ్యమైన విషయం. మొదట్లో నేను ‘బ్రాకియల్ ప్లెక్సస్ (మెడ నుంచి చేతికి వెళ్లే నరాల అల్లిక) గురించి వివరించుము’ అని ప్రశ్న రాసి, వెనుక అర పేజీ జవాబు అతికించాను. అందులో ఒక శాఖ గుర్తులేకపోతే ఏ మీట నొక్కాలో తెలియదు, మొత్తం చదివితే మూడు నిమిషాలు పడుతుంది. ఆ తరువాత దాన్ని ముక్కలు చేశాను. మూలాలు ఏవి అంటే వెన్నుపాము నరాల్లో సి5 నుంచి టి1 వరకు ఐదు. ట్రంకులు ఎన్ని అంటే మూడు. కార్డ్స్ (యాప్ కార్డులు కావు, ఆ నరాల అల్లికలోని తాళ్లలాంటి భాగాలు) ఎన్ని, వాటి పేర్లు దేన్ని బట్టి వచ్చాయి అంటే మూడు, చంకలోని ఆక్సిలరీ ధమనికి అవి ఉండే వైపును బట్టి. లాంగ్ థొరాసిక్ నరం దెబ్బతింటే ఏమవుతుంది అంటే సెరాటస్ యాంటీరియర్ అనే కండరం పనిచేయక భుజఫలకం రెక్కలా వెనక్కి పొడుచుకు వస్తుంది. ఇలా ఒక్కో కార్డు పది క్షణాల్లో తేలిపోయేలా ఉంటేనే రోజుకు నూటయాభై చూడడం సాధ్యం.

పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివిన నాకు ఇంకో సౌకర్యం కలిసొచ్చింది. కార్డులో తెలుగు అక్షరాలు ఏ ఇబ్బందీ లేకుండా పనిచేస్తాయి. ఇంగ్లీషు పదం కింద దాని అర్థాన్ని నా మాటల్లో తెలుగులో రాసుకున్నాను. సెరాటస్ అంటే రంపపు పళ్ల ఆకారం, డెల్టాయిడ్ అంటే త్రికోణం, సోలియస్ అంటే చేప ఆకారం అని ఒక్కసారి తెలిశాక ఆ పేర్లు పరాయివిగా అనిపించలేదు. తెలుగు మాధ్యమం నుంచి వచ్చి, పదాల దగ్గరే తడబడుతున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఈ ఒక్క పని తప్పకుండా చేయమని చెబుతాను.

స్పాటర్స్ కోసం, అంటే చూపించిన నమూనాను గుర్తుపట్టే పరీక్ష కోసం, ఇమేజ్ అక్లూజన్ అనే సదుపాయం ఉంది. బొమ్మను యాప్‌లో పెట్టి, అందులోని పేర్ల మీద చిన్న పెట్టెలు గీస్తే, ఒక్కో పెట్టె ఒక్కో ప్రశ్నగా మారుతుంది. 2023 చివర్లో వచ్చిన 23.10 వెర్షన్ నుంచి ఇది యాప్‌లోనే అంతర్భాగంగా ఉంది. మణికట్టులోని ఎనిమిది ఎముకలను, పుర్రె అడుగుభాగంలోని రంధ్రాలను నేను పూర్తిగా దీంతోనే నేర్చుకున్నాను. హిస్టాలజీ (కణజాలాల చదువు) స్లైడ్లకు కూడా ఇది బాగా పనికొచ్చింది. అయితే ఒకే బొమ్మను పదేపదే చూస్తే కణజాలానికి బదులు ఆ బొమ్మే గుర్తుండిపోయే ప్రమాదం ఉంది కాబట్టి, ఒక్కో కణజాలానికి కనీసం మూడు వేర్వేరు బొమ్మలు పెట్టుకోవడం అవసరం.

అదే వెర్షన్‌తో ఎఫ్ఎస్ఆర్ఎస్ అనే కొత్త లెక్క కూడా వచ్చింది. అంతకుముందు ఉన్న లెక్కకు పియోటర్ వోజ్నియాక్ 1987లో ఇలాంటిదే మరో ప్రోగ్రామ్ అయిన సూపర్‌మెమో కోసం రూపొందించిన పద్ధతి ఆధారం. కొత్తది మన సొంత చరిత్రను, అంటే ఏ కార్డును ఎన్ని రోజులకు మరిచిపోయామన్న వివరాన్ని పరిశీలించి గడువును నిర్ణయిస్తుంది. సెట్టింగ్స్‌లో దాన్ని మనమే ఆన్ చేసుకోవాలి. ఎంత శాతం గుర్తుండాలో కూడా మనమే చెప్పవచ్చు, మామూలుగా అది 90 శాతం దగ్గర ఉంటుంది. ఇంటర్నల్స్ భయంతో నేను దాన్ని 96కు పెంచినప్పుడు రోజువారీ కార్డులు విపరీతంగా పెరిగిపోయి, వారం తిరగకుండానే మళ్లీ 90కి దించాను. ఆ పైన ఇంకో కొద్ది శాతం సంపాదించడానికి పడే శ్రమను కొత్త పాఠం మీద పెట్టడమే మేలు. మరో ముఖ్యమైన జాగ్రత్త ఏమిటంటే, జవాబు గుర్తురాకపోతే మొహమాటపడకుండా ఎగైన్ నొక్కాలి. హార్డ్ అన్నది కష్టం మీద గుర్తొచ్చిన కార్డుకు మాత్రమే. మరిచిపోయిన కార్డుకు హార్డ్ నొక్కితే అది వచ్చినట్టే యాప్ లెక్కవేసుకుని, తర్వాతి గడువులన్నీ తప్పుగా ఇస్తుంది.

లోపాల విషయానికి వస్తే, విరామాన్ని ఈ పద్ధతి సహించదు. సంక్రాంతికి ఊరు వెళ్లి తొమ్మిది రోజులు యాప్ తెరవలేదు. తిరిగి వచ్చేసరికి వెయ్యికి పైగా కార్డులు పేరుకుపోయి ఉన్నాయి. ఆ అంకె చూసి ఇద్దరు స్నేహితురాళ్లు యాప్‌నే తీసేశారు. నేను కొత్త కార్డుల సంఖ్యను సున్నా చేసి, రోజుకు 200 పాత కార్డులు మాత్రమే చూసేలా పరిమితి పెట్టుకుంటే రెండు వారాలకు దారికి వచ్చింది. సెలవుల్లో రోజుకు ఇరవై నిమిషాలైనా ఇవ్వలేమని ముందే తెలిస్తే, బయలుదేరే వారం ముందు నుంచే కొత్త కార్డులు ఆపేయడం ఉత్తమం. రోజుకు 20 కొత్త కార్డులు అన్నది యాప్ మొదటి నుంచి పెట్టి ఉంచే అంకె. డెక్ అంటే కార్డుల కట్ట. మూడు సబ్జెక్టులకూ మూడు డెక్‌లు పెట్టి ఒక్కోదానికి 20 ఇస్తే నెలకల్లా అది మోయలేని భారమవుతుంది. అన్నీ కలిపి 20 దగ్గర ఉండడం నాకు సరిపోయింది.

ఇంకొక లోపం మరింత లోతైనది. మన విశ్వవిద్యాలయ పరీక్షల్లో దీర్ఘ సమాధానాలు రాయాలి. వెయ్యి ముక్కలు నోటికి వచ్చినంత మాత్రాన వాటిని కలిపి నాలుగు పేజీల వ్యాసంగా, బొమ్మతో సహా, గడియారం చూసుకుంటూ రాయడం రాదు. మొదటి ఇంటర్నల్‌లో బహుళైచ్ఛిక ప్రశ్నల్లో మంచి మార్కులు తెచ్చుకున్న నేను, దీర్ఘ సమాధానాల్లో వెనుకబడ్డాను. అప్పటి నుంచి ప్రతి ఆదివారం పాత ప్రశ్నపత్రాల నుంచి రెండు ప్రశ్నలు తీసుకుని కాగితం మీద రాసి చూసుకుంటున్నాను. అలాగే అర్థం కాని విషయాన్ని కార్డుగా మార్చడం వృథా ప్రయాస. కిడ్నీలో మూత్రం చిక్కబడేందుకు తోడ్పడే కౌంటర్‌కరెంట్ విధానం బోధపడక ముందే దాని మీద పన్నెండు కార్డులు రాశాను. అవి పదేపదే తప్పుతూ వచ్చాయి. ఎనిమిది సార్లు తప్పిన కార్డుకు యాప్ ‘లీచ్’ అని గుర్తు వేస్తుంది, అంటే జలగ. సమయాన్ని పీల్చే కార్డుకు అది సరైన పేరే. ఆ పన్నెండింటినీ తీసేసి, పుస్తకంలో ఆ అధ్యాయాన్ని మొదటి నుంచి చదివి, బొమ్మ గీసుకుని, ఐదు కార్డులు కొత్తగా రాశాకే ఆ బాధ తప్పింది.

తయారుగా దొరికే డెక్‌ల గురించి చాలామంది అడుగుతారు. అమెరికా లైసెన్సు పరీక్ష రాసేవారి కోసం రూపొందిన ఆన్‌కింగ్ డెక్‌లో వేల సంఖ్యలో కార్డులున్నాయి, వాటి నాణ్యత కూడా గొప్పగా ఉంటుంది. మన మొదటి ఏడాది అనాటమీ వైవాలో ప్రతి కండరానికీ పుట్టుక (మొదలయ్యే చోటు), చేరిక (చివర అతుక్కునే చోటు), నరం, పని అడుగుతారు. ఆ డెక్ అంత వివరంలోకి వెళ్లదు. పైగా కార్డు రాసేటప్పుడు ‘ఇందులో అడగాల్సింది ఏమిటి?’ అని ఆలోచించడంలోనే సగం చదువు జరుగుతుందని నా అనుభవం. అందుకే మొదటి ఏడాదికి సొంత కార్డులే రాసుకోవాలని నా అభిప్రాయం. రోజుకు అరగంట దానికి పోతుంది, ఆ అరగంటను నష్టంగా లెక్కవేయకూడదు.

ఖర్చు విషయంలో విద్యార్థులు భయపడాల్సింది లేదు. కంప్యూటర్‌లో ఉచితం. ఆండ్రాయిడ్ ఫోన్లకు స్వచ్ఛంద కార్యకర్తలు వేరుగా తయారుచేసిన అంకీడ్రాయిడ్ కూడా ఉచితం, ప్రకటనలు ఉండవు. ఐఫోన్ యాప్‌కు మాత్రం అమెరికా ధర ప్రకారం దాదాపు 25 డాలర్లు ఒక్కసారి చెల్లించాలి. అంత పెట్టలేనివారు బ్రౌజర్‌లో అంకీవెబ్ తెరిచి ఉచితంగానే కార్డులు చూసుకోవచ్చు. ఫోనులో ఒకసారి కార్డులు దిగాక ఇంటర్నెట్ అవసరం ఉండదు. మెస్ వరుసలో పది నిమిషాలు, ఆసుపత్రికి వెళ్లే బస్సులో పావుగంట, తరగతికి తరగతికి నడుమ ఐదు నిమిషాలు కలిపితే నా రోజువారీ కార్డుల్లో సగం పూర్తవుతాయి.

మొదటి వారం యాప్ అలవాటు పడడానికి ఓపిక పట్టాలి. మెనూలు చాలా ఉంటాయి, కంప్యూటర్‌కూ ఫోనుకూ మధ్య సమాచారం కలపడంలో శ్రద్ధ కావాలి. రెండు చోట్లా ఉన్నవి పొసగనప్పుడు ఏది ఉంచాలని యాప్ అడుగుతుంది. నేను చదవకుండా తప్పు మీట నొక్కి మూడు రోజుల కార్డులు పోగొట్టుకున్నాను. కంప్యూటర్‌లో అంకీ తనంతట తాను దాచి ఉంచే బ్యాకప్ ఫైలు వల్ల అవి తిరిగి దక్కాయి. ఆ ప్రశ్న వచ్చినప్పుడు ఆగి, పూర్తిగా చదివి, ఏ పరికరంలో కొత్త కార్డులు ఉన్నాయో నిర్ధారించుకున్నాకే జవాబివ్వండి.

ఇప్పుడు పాథాలజీ, ఫార్మకాలజీ, మైక్రోబయాలజీ నడుస్తున్నాయి. మందుల పేర్లకు, వాటి దుష్ప్రభావాలకు అంకీని మించిన తోడు నాకు ఇంకా దొరకలేదు. అనాటమీ కార్డులను తీసేయలేదు. గడువులు నెలల్లోకి సాగిపోయాయి కాబట్టి వాటికి రోజుకు ఐదారు నిమిషాలకు మించి పట్టదు. పోయిన నెల సర్జరీ వార్డులో రొమ్ము క్యాన్సర్‌కు శస్త్రచికిత్స జరగబోయే ఒక అమ్మ మంచం దగ్గర నిలబడి, చంక భాగంలో ఏ నరాన్ని కాపాడుకోవాలని మేడమ్ అడిగినప్పుడు, మొదటి ఏడాదిలో నేను ముక్కలు చేసి రాసుకున్న ఆ లాంగ్ థొరాసిక్ కార్డే గుర్తొచ్చింది.