ఉగాదికి ఇంటి బయట రంగులు వేయిస్తున్నారా? గోడ తట్టి చూడకుండా రేటు చెప్పేవాళ్ళతో జాగ్రత్త

ఉగాది లోపు ఇంటికి రంగులు వేయించేద్దామని ఇప్పుడు చాలామంది పెయింటింగ్ కాంట్రాక్టర్లను పిలిపిస్తుంటారు. అడ్వాన్స్ చేతిలో పెట్టే ముందు ఇది ఒకసారి చదవండి. గోడను ముట్టుకోకుండా, గేటు దగ్గర నిలబడి తల పైకెత్తి చూసి, చదరపు అడుగుకి ఇంత అని చెప్పేవాళ్ళకు పని ఇవ్వకండి. రేటు ఎంత తక్కువైనా సరే.

మాది విశాఖలో సముద్రానికి దగ్గరగా ఉన్న రెండంతస్తుల ఇల్లు. కట్టి ఇరవై ఏళ్ళు దాటింది. కిందటి ఉగాదికి బయటంతా రంగులు వేయించాం. కాంట్రాక్టర్ కంపెనీ బ్రోచర్ తెచ్చి చూపించాడు. గీకుడు, కడుగుడు, లప్పం (పుట్టీ), ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత), రెండు కోటింగ్‌ల రంగు అన్నీ కలిపే రేటు అన్నాడు. "పదేళ్ళ వారంటీ అండి, మళ్ళీ గోడ వంక చూడక్కర్లేదు" అని భరోసా ఇచ్చాడు. పండగ నాటికి ఇల్లు కళకళలాడింది. వానాకాలం సగం కాకముందే సముద్రం వైపు గోడ పొక్కులు తేలింది. దసరాకి పెచ్చులు పెచ్చులుగా రాలింది.

రాలిన పెచ్చు ఒకటి తీసి తిరగేసి చూస్తే విషయం మొత్తం అర్థమైంది. ముందువైపు కొత్త రంగు నిగనిగలాడుతూనే ఉంది, దానికేమీ కాలేదు. వెనకవైపు లప్పం తడిసి, వేలితో రాస్తే తెల్లగా ముద్ద ముద్దగా వచ్చేసింది. పెచ్చు ఊడిన చోట గోడ మీద పాత రంగు అలాగే ఉంది. దాని మీద నాచు మరక కూడా చెక్కుచెదరలేదు. అంటే అక్కడ గీకలేదు, కడగలేదు. నాచు మీదే లప్పం పూసి, దాని మీద ఖరీదైన రంగు వేశారు. పైగా వాడింది గది లోపల గోడలకు వాడే రకం లప్పం. అక్రిలిక్ లప్పం చాలావరకు లోపలి గోడలకే. వాన తగిలే గోడకు వైట్ సిమెంట్ లప్పం వాడాలి, అదీ పల్చగా. పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) అయితే బయట ఎక్కడా పనికిరాదు, అది నీళ్ళకు నిలవదు.

ఫోన్ చేస్తే కాంట్రాక్టర్ మాట ఒకటే: "సముద్రం గాలండి, ఎవరు వేసినా ఇంతే." తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. రంగు కంపెనీ తరఫున మనిషి వచ్చి గోడంతా తట్టి చూసి, రంగులో లోపం లేదు, కింది పొర పోయింది కాబట్టి వారంటీ వర్తించదని తేల్చేశాడు. ఆయన చెప్పింది సబబే. ఆ వారంటీ కాగితం ముందే అడిగి తీసుకుని చదవండి. గోడ లోపలి నుంచి వచ్చే చెమ్మకు, పగుళ్ళకు, సరిగ్గా సిద్ధం చేయని గోడకు అందులో మినహాయింపు ఉంటుంది. కాంట్రాక్టర్ నోటితో చెప్పే "పదేళ్ళ"లో ఈ ముక్క ఉండదు.

బయటి గోడల పనిలో అసలు విలువంతా రంగు డబ్బా మూత తీయకముందు జరిగే పనిలో ఉంది. చూడ్డానికి అది కనిపించదు, కాబట్టి కోత పడేది అక్కడే. అందుకే కాంట్రాక్టర్‌ని పిలవకముందే ఇంటి చుట్టూ మీరే తిరగండి. నీళ్ళు ఎటు నుంచి దిగుతాయో అటు నుంచే మొదలుపెట్టండి, అంటే డాబా మీద నుంచి.

పిట్టగోడ పైభాగం చూడండి. అక్కడ పగుళ్ళుంటే వాన నీళ్ళు గోడ కడుపులోకి దిగి, కింద ఎక్కడో పొక్కుగా బయటపడతాయి. వాన నీటి గొట్టాల మూతుల దగ్గర ఆకులు, మట్టి అడ్డంపడ్డాయేమో చూడండి. ట్యాంకు నిండి పొర్లే నీళ్ళు గోడ మీదకే జారుతున్నాయా, ఏసీ నీటి పైపు గోడకే కారుతోందా అన్నది కూడా ముఖ్యమే. హైదరాబాద్‌లో ఉప్పు గాలి లేదు కదా అనుకుంటాం కానీ, అక్కడ కూడా ట్యాంకు నుంచి పొర్లిన బోరు నీళ్ళు ఎండి, గోడ మీద తెల్లటి చారలు కట్టిన ఇళ్ళు కనిపిస్తాయి. నీళ్ళు వచ్చే దారి మూయకుండా ఎంత మంచి రంగు వేసినా దండగ.

పిట్టగోడ సందులో రావి మొక్క మొలిచిందేమో చూడండి. మా ఇంట్లో ఉంది. వాళ్ళు దాన్ని గోడ మట్టానికి కోసి, పైన లప్పం పెట్టి రంగు కొట్టేశారు. వానలు పడగానే కొత్త రంగును చీల్చుకుని లేత ఎర్రటి ఆకులు బయటికొచ్చాయి. రావి, మర్రి మొక్కలను వేరుతో సహా తీయాలి. అందుకోసం ఆ మేర గచ్చు పగలగొట్టినా పర్లేదు, తర్వాత పూడ్చుకోవచ్చు.

అన్నిటికంటే ఎక్కువసేపు చూడాల్సింది కిటికీల మీది సన్ షేడ్లు, బాల్కనీల అడుగుభాగం. తీరం దగ్గర ఇళ్ళలో ప్రాణం మీదకు తెచ్చేవి ఇవే. ఉప్పు గాలిలోని క్లోరైడ్లు కాంక్రీటులోకి దిగి లోపలి ఇనుప కడ్డీలకు తుప్పు పట్టిస్తాయి. ఇనుము తుప్పుగా మారితే దాని పరిమాణం రెండింతలకు పైగా పెరుగుతుంది. ఆ ఒత్తిడికి కాంక్రీటు పగిలి పెచ్చులు ఊడుతుంది. ముందుగా కనిపించే గుర్తు కడ్డీ పొడవునా సన్నటి పగులు, దాని వెంట గోధుమ రంగు మరక. చిన్న సుత్తితో తట్టుకుంటూ వెళ్ళండి. గట్టిగా ఉన్న చోట టంగుమంటుంది, లోపల విడిపోయిన చోట డొల్ల శబ్దం వస్తుంది. తట్టేటప్పుడు నేరుగా కింద నిలబడకండి.

మాకు అలాంటి సన్ షేడ్ ఉంది. దాని మరక మీద కూడా లప్పం పూసేశారు. ఇది నాకు అన్నిటికంటే కోపం తెప్పించిన విషయం. రంగు ఊడితే డబ్బు పోతుంది, అంతే. సన్ షేడ్ పెచ్చు ఊడి ఎవరి నెత్తి మీద పడితే? దాని కిందే పిల్లలు ఆడుకుంటారు. లప్పం ఆ పగులును బాగుచేయలేదు, మా కంటికి కనిపించకుండా చేసింది. సరైన పద్ధతి ఇది: వదులైన కాంక్రీటంతా కొట్టేసి కడ్డీ చుట్టూ బయటపెట్టాలి, తుప్పును వైర్ బ్రష్‌తో పూర్తిగా తీసి, తుప్పు పట్టకుండా ఆపే కోటింగ్ వేయాలి. ఆ తర్వాత పాత కాంక్రీటును, కొత్త మాలును అతికించే కోటు వేసి, పాలిమర్ కలిపిన సిమెంటు మాలుతో పూడ్చాలి. మామూలు సిమెంటు అద్దితే నిలవదు. కడ్డీ బాగా సన్నబడిపోయి ఉంటే అది పెయింటర్ పని కాదు, స్ట్రక్చరల్ ఇంజనీర్ని పిలవాలి.

ఇక గోడలు. వెంట్రుక మందం పగుళ్ళకు పెద్దగా టెన్షన్ అక్కర్లేదు. కాస్త పెద్దవి అయితే వాటిని వి ఆకారంలో తవ్వి, దుమ్ము దులిపి, పగుళ్ళకు వాడే పేస్ట్‌తో నింపాలి. పైపైన లప్పం రాస్తే మళ్ళీ అక్కడే విచ్చుకుంటుంది. ఇటుక గోడ, కాంక్రీటు స్తంభం కలిసే చోట నిలువుగా వచ్చే పగులుకు జాలీ (వల) వేసి ప్లాస్టరింగ్ చేయాలి. కిటికీ మూల నుంచి ఏటవాలుగా వెళ్ళే పగులు ఉంటే, దాని రెండు కొసల దగ్గర పెన్సిల్‌తో గీత గీసి తేదీ రాసి పెట్టండి. గీత దాటిపోతుంటే ముందు కారణం తెలుసుకోవాలి, రంగు సంగతి తర్వాత.

గోడలో చెమ్మ ఉందా లేదా అన్నది ఇంట్లోనే తేల్చుకోవచ్చు. మూరెడు చదరం పాలిథిన్ కాగితాన్ని గోడకు పరిచి, నాలుగు వైపులా టేపు గట్టిగా అంటించి ఒక పగలు, ఒక రాత్రి వదిలేయండి. తీసి చూస్తే గోడ వైపు నీటి బొట్లు ఉంటే గోడ ఇంకా తడి వదులుతోందన్నమాట. ఆ గోడకు అప్పుడే రంగు వేయకూడదు. తెల్లగా ఉప్పు తేలి ఉంటే పొడి బ్రష్‌తో దులపాలి. నీళ్ళతో కడిగితే ఆ ఉప్పు కరిగి మళ్ళీ గోడలోకే పోతుంది. నాచుకు బ్లీచింగ్ పౌడర్ నీళ్ళు పట్టించి, రుద్ది, కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి.

పాత గ్రిల్స్, ఇనుప గేట్ల ఎనామెల్ గీకేటప్పుడు ఇంకో జాగ్రత్త. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90 భాగాలు) మించకూడదన్న నియమాలు 2016లో వచ్చి, 2017 నవంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. అంతకుముందు వేసిన రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది. తడిపి ఎమరీ పేపర్ పట్టించమనండి, పిల్లల్ని ఆ దుమ్ముకు దూరంగా ఉంచండి.

ఇప్పుడు టైం సంగతి. కోస్తాలో అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానలు, తుపాన్లు ఉంటాయి. ఆ తడి గోడల్లోంచి పోవడానికి సంక్రాంతి దాటుతుంది. కాబట్టి గోడలు చూసుకోవాల్సింది సంక్రాంతి అవగానే. కొత్తగా ప్లాస్టరింగ్ చేసిన చోట రంగు పడే ముందు సుమారు 28 రోజులు ఆగాలి. ఈ లెక్కలు చూసుకుంటే, పండగ రెండు వారాల్లో ఉందనగా వచ్చి "ఉగాదికి అందించేస్తాం" అనేవాళ్ళు రిపేర్లు ఎగ్గొట్టక తప్పదు. మనకున్న పండగ తొందరే వాళ్ళకు ఆసరా. రిపేర్లు ఎక్కువుంటే ఉగాదికి గుమ్మానికి తోరణం కట్టుకుని, రంగులు ఏప్రిల్‌లో వేయించుకోండి. ఎండలు ముదిరాక మాత్రం మిట్టమధ్యాహ్నం కాలే గోడ మీద రంగు వేయనివ్వకండి, అతుక్కునేలోపే ఆరిపోతుంది. నీడను బట్టి పడమటి గోడ పొద్దున, తూర్పు గోడ మధ్యాహ్నం తర్వాత చేయించుకోవాలి.

కాంట్రాక్టర్‌తో మాట్లాడేటప్పుడు చదరపు అడుగు రేటును మొత్తంగా ఒప్పుకోకండి. గీకి కడగడానికి ఎంత, పగుళ్ళకు ఎంత, సన్ షేడ్ రిపేర్లకు ఎంత, ప్రైమర్‌కి, రంగుకి ఎంత అని విడివిడిగా రాయించండి. ఏ కంపెనీ, ఏ రకం లప్పం అన్నది కూడా కాగితం మీద ఉండాలి. వీలైతే సరుకు మీరే కొని బిల్లు తీసుకోండి. డబ్బాల్లో పెయింటర్లకు లాభం తెచ్చే టోకెన్లు ఉంటాయి, కాబట్టి ఫలానా రంగే కొనండని పట్టుబట్టడానికి అది కూడా ఒక కారణం కావచ్చు. సీలు మీ ఎదురుగా తీయించండి. బయటి గోడలకు వేసే ఎమల్షన్ రంగు రెండు కోటింగ్‌లకు లీటరుకు సుమారు 50 నుంచి 60 చదరపు అడుగులు వస్తుంది. రెండు వేల చదరపు అడుగులకు రెండు ఇరవై లీటర్ల బకెట్లు అవ్వాలి. ఒక్క బకెట్‌తో సరిపెట్టేశారంటే నీళ్ళు కలిపారనో, ఒకే కోటు వేశారనో అనుకోవచ్చు.

డబ్బు విడతలుగానే ఇవ్వండి. పరంజా కట్టినప్పుడు కొంత, గీకుడు, రిపేర్లు అయ్యాక మీరు పరంజా ఎక్కి చూసి (లేదా నమ్మకమైన మేస్త్రీని ఎక్కించి చూపించి) ఫోటోలు తీసుకున్నాక కొంత. లప్పం పడ్డాక కింద ఏముందో ఎవరూ చెప్పలేరు. అందుకే ఆ విడత డబ్బు ఆపగలిగే హక్కు మీ చేతిలో ఉండాలి. చివరి విడతలో కొంత మొదటి వానల దాకా ఆపుతామని ముందే చెప్పండి. దానికి ఒప్పుకునేవాళ్ళు దొరుకుతారు. ఈసారి మాకు సన్ షేడ్ పని చేస్తున్న మేస్త్రీ ఒప్పుకున్నాడు. రేటు చెప్పడానికి ముందే నిచ్చెన తెచ్చుకుని, గోడంతా తట్టుకుంటూ తిరిగిన మనిషి ఆయన.

ఇప్పటికే మోసపోయినవాళ్ళు ఊరుకోకండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. మీరు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. సమస్య వచ్చిన రెండేళ్ళలోపు వేయాలి. కాంట్రాక్టర్ పంపిన వాట్సాప్ మెసేజ్‌లు, యూపీఐ చెల్లింపులు, తేదీతో ఉన్న గోడ ఫోటోలు, ఊడిన పెచ్చులు కూడా ఒక కవరులో వేసి దాచుకోండి. మేం దాచాం, ఫిర్యాదు పెట్టాం, ఇంకా నడుస్తోంది.