క్లిప్పు మూత సీసాల్లో అల్లం సోడా: బెజవాడ ఎండల్లో మూడేళ్ల వాడకం తర్వాత

వాడినవి అరలీటరు క్లిప్పు మూత గాజు సీసాలు, పన్నెండు. మూడు వేసవులుగా నెలకి రెండు మూడు విడతలు, విడతకి నాలుగు లీటర్ల అల్లం సోడా. ముందే తీర్పు చెప్పేస్తే, ఐదుకి నాలుగు మార్కులు. కోసిన ఆ ఒక్క మార్కూ వాషర్లకి. గ్యాస్ చాలకపోయినా, మూత తీయగానే సగం సీసా గోడకి కొట్టినా, చాలాసార్లు కారణం వేడీ, లెక్క తప్పడమూ.

లెక్క అంటే ఇది. ఈ సోడాకి గ్యాస్ పట్టించేది మూత వేసిన సీసాలో పంచదార తినే ఈస్టే. ఈస్టు 4 గ్రాముల పంచదార తింటే దాదాపు 2 గ్రాముల గ్యాస్ వదులుతుంది. లీటరులో అంత గ్యాస్ కరిగితే ఒక ‘వాల్యూమ్’ అంటారు. మామూలు బీరుకి రెండున్నర వాల్యూములు, నాలుక మీద చురుక్కుమనే సోడాకి మూడు పైన.

అమెరికాలో ఉన్న మనవాళ్లు ఇంట్లో బీరు చేసుకుంటూ ఈ లెక్కే వాడతారు (అక్కడ 1978 చట్టం దానికి వీలిచ్చింది, ఇక్కడ లైసెన్సు లేకుండా చేస్తే ఎక్సైజు కేసు). వాళ్ల పద్ధతిలో ముందు పులియడం పూర్తిగా అయిపోవాలి, తినడానికి తీపి మిగలకూడదు. సీసాల్లోకి దించే ముందు కొలిచిన పంచదార కలుపుతారు. 20 డిగ్రీల్లో పులిస్తే బీరులో అప్పటికే 0.86 వాల్యూమ్ గ్యాస్ ఉంటుంది. 2.5 కావాలంటే లోటు 1.64, అంటే లీటరుకి ఆరున్నర గ్రాములు. 30 డిగ్రీల్లో పులిస్తే మిగిలి ఉండేది 0.65 చుట్టూ, కనక ఏడున్నర వేయాలి. పులిశాక ఫ్రిజ్‌లో పెట్టి తేర్చినవాళ్లు ఆ 4 డిగ్రీలు పట్టుకుని లెక్క వేస్తే పంచదార నాలుగు గ్రాముల దగ్గర ఆగిపోతుంది, బీరు చప్పబడుతుంది. చూడాల్సింది పులిశాక అది తగిలిన గరిష్ఠ వేడి.

ఈ పద్ధతిని అలాగే తెచ్చి అల్లం సోడాకి పెడితే కొంప మునుగుతుంది. బీరులో పంచదార అయిపోగానే గ్యాస్ ఆగుతుంది. అల్లం సోడా తియ్యగా ఉండాలి కాబట్టి లీటరుకి 80 గ్రాములు పోస్తాం. ఈస్టు దాన్నంతా తింటే ఇరవై వాల్యూములు! ఏ గాజూ ఆపలేదు. ఇక్కడ బ్రేకు పంచదార చేతిలో లేదు, ఫ్రిజ్ చేతిలో ఉంది. గోలీ సోడాకి ఈ బెడద లేదు, దాంట్లో గ్యాస్ సిలిండరు నుంచి ఎక్కుతుంది, నింపాక పెరగదు.

నాలుగు లీటర్లకి కొలతలు: అల్లం 200 గ్రాములు, పంచదార 320, నాలుగు నిమ్మకాయలు, బేకరీ ఇన్‌స్టంట్ ఈస్టు పావు టీస్పూనులో సగం. తురిమిన అల్లం, పంచదార లీటరు నీళ్లలో పది నిమిషాలు మరగనిచ్చి, చల్లార్చి, పల్చటి నూలు గుడ్డలో వడకట్టాలి. మిగతా మూడు లీటర్లూ కాచి చల్లార్చిన నీళ్లే అయితే మంచిది, కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. గోరువెచ్చన తగ్గాకే నిమ్మరసం, ఈస్టు. వడకట్టడంలో బద్ధకిస్తే అల్లం పీచు మీదే బుడగలు పుట్టి, మూత తీయగానే పొంగుతుంది. బెల్లంతో చేస్తే రుచి ఇంకా బావుంటుంది కానీ మడ్డి ఎక్కువ, రెండుసార్లు వడకట్టక తప్పదు.

సీసా మెడలో మూడు సెంటీమీటర్లు ఖాళీ ఉంచి మూత వేయాలి. అదే కుండలోంచి ఒక ఖాళీ కూల్‌డ్రింకు ప్లాస్టిక్ బాటిల్ కూడా నింపి పక్కన పెట్టాలి. గాజు లోపల ఏం జరుగుతోందో చెప్పదు, ప్లాస్టిక్ చెబుతుంది. నింపినప్పుడు వేలితో నొక్కితే లొత్త పడుతుంది. గ్యాస్ ఎక్కేకొద్దీ బిగుస్తుంది. బొటనవేలు ఇక దిగడం లేదంటే అన్ని సీసాలూ ఆ క్షణమే ఫ్రిజ్‌లోకి. మేలో రాత్రి తొమ్మిదికి నింపితే మర్నాడు మధ్యాహ్నానికే ఆ స్థితి వచ్చేస్తుంది. సంక్రాంతి చలిలో రెండున్నర రోజులు పట్టింది. ‘రెండు రోజులు బయట ఉంచండి’ అనే వంటకాలు బెజవాడ మే నెలని చూసి రాసినవి కావు.

ఇక ఎండ సంగతి. గ్యాస్ అంతే ఉన్నా వేడికి ఒత్తిడి మారుతుంది. కారు టైరులో 30 పాయింట్ల గాలి కొట్టిస్తాం కదా, ఆ కొలతలోనే చెప్పాలంటే రెండున్నర వాల్యూముల సీసాలో ఫ్రిజ్‌లో ఉన్నంతసేపూ పది పాయింట్లు, 20 డిగ్రీల గదిలో 28, 40 డిగ్రీల వంటింట్లో 54 దాకా ఉంటుంది. పైగా ఆ వేడిలో ఈస్టు ఊరుకోదు, ఇంకా తింటుంది. రోహిణి కార్తెకి రోళ్లు పగులుతాయంటారు, సీసాలెంత? గంటో రెండు గంటలో కరెంటు పోతే ఫర్వాలేదు. ఫ్రిజ్ ఆపేసి ఊరెళ్లేవాళ్లు మాత్రం సీసాలన్నీ ఖాళీ చేసి వెళ్లాలి. గ్యాస్ పట్టేదాకా సీసాల్ని మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో, పైన పాత దుప్పటి కప్పి, పిల్లలకి అందని మూల ఉంచడం ఉత్తమం.

సీసా ఎంపికలో గుండ్రంగా, మందంగా, బరువుగా ఉన్నవే తీసుకోవాలి. నలుపలక సీసాలు షాపుల్లో ముద్దుగా కనిపిస్తాయి కానీ ఒత్తిడంతా మూలల మీద పడుతుంది. నూనె పోసుకోవడానికి సరే. మెడ దగ్గర గీత, పెచ్చు ఉన్నది ఏదైనా పక్కన పెట్టేయాలి.

మార్కు కోసింది వాషర్లకి అన్నాను కదా. సీసాలతో వచ్చిన ఎర్ర రబ్బరు వాషర్లు ఏడాదికే గట్టిపడి, అంచున సన్నటి పగుళ్లు వచ్చాయి. ఒకే విడతలో రెండు సీసాలు చప్పగా, మిగతావి బ్రహ్మాండంగా ఉంటే అనుమానం అక్కడే. గ్యాస్ ఉన్న సీసాని బకెట్ నీళ్లలో మూత మునిగేదాకా నిలువుగా ముంచితే, వాషరు కారుతుంటే మూత దగ్గర బుడగల గొలుసు కనిపిస్తుంది. సిలికాన్ వాషర్లు మార్చాక రెండో ఏడు కూడా పట్టు తగ్గలేదు. క్లిప్పు తీగ తడిగా వదిలేస్తే తుప్పు పడుతుంది, ఆరబెట్టి దాచాలి.

తెరిచే ముందు కనీసం ఒక రోజు ఫ్రిజ్‌లో ఉండాలి. చల్లబడ్డ నీళ్లలోకే పైన ఉన్న గ్యాస్ దిగి కరుగుతుంది. మూత మీద తడి గుడ్డ కప్పి, క్లిప్పు సగం మాత్రమే లేపితే బుస్సుమంటుంది. తెల్లటి నురగ మెడ దాకా పాకుతుంది. అక్కడే మూత నొక్కి పట్టి, అది కిందికి జారాక మళ్లీ సగం లేపాలి. రెండు మూడుసార్లలో శాంతిస్తుంది. గ్లాసులోకి ఒంపేటప్పుడు అడుగున తేరిన ఈస్టు కదలకుండా చివరి రెండు గుక్కలు సీసాలోనే వదిలేయాలి.

గ్యాస్‌తో పాటే అంతే ఆల్కహాలూ పుడుతుంది. మూడు వాల్యూములకి 0.7 శాతం పైచిలుకు. పిల్లలకీ, గర్భిణులకీ పోయకండి. ఖాళీ అయిన సీసాని వెంటనే వేణ్నీళ్లతో కడగాలి, అడుగున ఈస్టు ఎండితే ఆ సన్న మెడలోంచి బ్రష్షు పెట్టి గీకడం పెద్ద పని.