కాకతీయుల మూలపురుషుడి కోసం ఓరుగల్లు వెళ్తే ఏం చూడాలి, ఎక్కడ డబ్బులు పోతాయి

హన్మకొండ పద్మాక్షి గుట్ట మీద గైడుకు 500 ఇచ్చి మాధవవర్మ కథ వినేవాళ్లు అదే గుడి ముందున్న నాలుగు పలకల రాతి స్తంభం దగ్గర ఓ పావుగంట ఆగితే చాలు. గైడు చెప్పిన కథను అక్కడి రాయే కొట్టేస్తుంది. గైడు మాత్రం ఆ స్తంభం వైపు చెయ్యి కూడా చూపించడు.

ముందు ఆ కథేంటో చూద్దాం. కందారాన్ని ఏలే సోమదేవరాజు ఆవులను కటకాన్ని ఏలే బల్లహుడు తోలుకుపోయాడు. యుద్ధంలో రాజు పోయాడు. గర్భవతి అయిన రాణి సిరియాలదేవి అనుమకొండకు పారిపోయి వచ్చి, మాధవశర్మ అనే బ్రాహ్మణుడి ఇంట తలదాచుకుంది. అక్కడ పుట్టిన పిల్లవాడే మాధవవర్మ. పద్మాక్షి అమ్మవారి దయవల్ల లెక్కకు అందని ఏనుగులూ గుర్రాలూ సంపాదించి తండ్రి పగ తీర్చుకున్నాడు, కాకతీయులకు మూలపురుషుడయ్యాడు. ఇది సిద్ధేశ్వర చరిత్ర చెప్పే కథ. కాకతీయ రాజ్యం పోయిన చాలాకాలానికి రాసింది.

స్తంభం మీది శాసనం 1117 నాటిది. చాళుక్య విక్రమ శకం 42వ ఏడు, కన్నడ భాష. రెండో ప్రోలరాజు మంత్రి బేతన పెర్గడ భార్య మైలమ ఈ గుట్ట మీద కడలాలయ బసది అనే జైన ఆలయం కట్టించి భూమి ఇచ్చిందని చెబుతుంది. స్తంభం పలకల పైభాగాన జైన మూర్తులున్నది అందుకే. ఆ బసదికే ఉగ్రవాడి మేళరసుడు అనే మహామండలేశ్వరుడు, అంటే పెద్ద సామంతుడు, కూడా భూదానం చేశాడు. ఆయన వంశాన్ని వర్ణిస్తూ శాసనం ఏమంటుందంటే, ఎనిమిది వేల ఏనుగులు, పది కోట్ల గుర్రాలు, లెక్కలేనంత కాల్బలం ఉన్న మాధవవర్మ వంశంలో పుట్టినవాడు అని. అంటే 1117లో, కాకతీయుల సొంత ఊళ్లో, వాళ్ల మంత్రి భార్య వేయించిన రాతి మీద మాధవవర్మ ఇంకొకరి తాత! కాకతీయులకు ఆయన్ను అంటగట్టింది తర్వాతి కథకులే. ఏనుగుల సైన్యాన్నీ ఆయనతోపాటే తెచ్చారు.

దీన్ని చూడాలంటే పొద్దున 8 లోపు గుట్ట ఎక్కాలి. ఏటవాలు ఎండ పడితేనే అక్షరం లేస్తుంది. నడినెత్తిన సూర్యుడొచ్చాక రాయి అంతా ఒకే బూడిద రంగు. అప్పుడైతే సెల్‌ఫోన్ టార్చిని రాతికి ఆనించినట్టు పక్కనుంచి పట్టుకుని ఫోటో తీయాలి, ఎదురుగా ఫ్లాష్ కొడితే ఏమీ రాదు. సుద్దముక్కో పసుపో రుద్దే పని మాత్రం పెట్టుకోవద్దు. చెప్పులు కిందే వదలాలి, వేసవిలో పదింటికల్లా మెట్లు కాలుతాయి. మా బావగారు సగం దూరంలోనే కూర్చుండిపోయి "రాయి ఎక్కడికీ పోదు కదా, సాయంత్రం రావచ్చుగా" అని సణిగారు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు నిజంగానే ఆగి ఆగి ఎక్కడం మంచిది.

ఇక డబ్బులు పోయిన కథ. హన్మకొండలో ఒక ట్రావెల్స్‌వాళ్లు కాకతీయ మూలాల యాత్ర అని కారుకు 4,800 తీసుకున్నారు, గైడు ఖర్చు విడిగా. కాగితం మీద వేయిస్తంభాల గుడి, పద్మాక్షి గుట్ట, ఖిలా (వరంగల్ కోట), కురవి, బయ్యారం అని రాసిచ్చారు. మధ్యాహ్నం రెండింటికి డ్రైవరు "బయ్యారంలో ఏముంది సార్, ఒక చెరువు, అంతే" అని బండిని హోటలు వైపు తిప్పాడు. మూలాల యాత్రలో మూలం దొరికే ఊరే తీసేశారన్నమాట. ఆఫీసుకెళ్లి గట్టిగా అడిగితే 600 వెనక్కిచ్చారు. కాబట్టి ప్యాకేజీ మాట్లాడుకునేటప్పుడు కిలోమీటర్లు, వెయిటింగ్ గంటలు, ఊళ్ల పేర్లు మూడూ రాయించుకోండి. అడ్వాన్సు సగానికి మించి ఇవ్వొద్దు. అసలు ఈ ప్యాకేజీయే అక్కర్లేదు. హన్మకొండలో చూడాల్సినవాటికి ఆటో పూటకు 600 అడిగారు, 450కి ఒప్పుకున్నారు.

వేయిస్తంభాల గుడికి వెళ్తే శిల్పాలతో పాటు రుద్రదేవుడి 1163 నాటి శాసనం చూడండి. గొప్ప విజయాలు చెప్పుకున్న ఆ సంస్కృత శాసనంలో వంశం తాత త్రిభువనమల్లుడితోనే, అంటే రెండో బేతరాజుతోనే మొదలవుతుంది. సూర్యవంశం ఊసు లేదు, కరికాళ చోళుడు లేడు. రాజ్యం సముద్రం దాకా పెరిగాక పూర్వీకులూ పెరిగారు. గణపతిదేవుడి మోటుపల్లి శాసనం మనువు, ఇక్ష్వాకుడు, రఘువు, రాముడి మీదుగా, కాకతీయులు తమ పూర్వీకుడని చెప్పుకునే దుర్జయుడి దగ్గరికి వస్తుంది. 1260 నాటి గరవపాడు తామ్రశాసనంలో కరికాళ చోళుడు వేటకొచ్చి కాకతి పురంలో విడిది చేశాడని ఉంటుంది. మరికొన్ని శాసనాలు వీళ్లను చతుర్థ కులజులని, అంటే శూద్రులని, నిస్సంకోచంగా చెబుతాయి. ఈ గుడి కల్యాణమండపం చాలా ఏళ్లు విప్పి పెట్టి ఉండి 2024లో తెరుచుకుంది. దాన్ని నిదానంగా చూడండి, మిగతాదంతా అందరూ రాసిందే.

రెండో రోజు కారు మానేసి వరంగల్ నుంచి రైల్లో మహబూబాబాద్. రైలు గంట ప్రయాణం. స్టేషన్ బయట ఆటో మాట్లాడుకుంటే కురవి, బయ్యారం రెండూ చూపించి వెనక్కి దింపడానికి 900. అడిగింది 1,400.

కురవి వీరభద్రస్వామి గుడికి జనం మొక్కులకు వస్తారు, శాసనాల కోసం ఎవరూ రారు. కాకతీయుల తొలి అడ్డా మాత్రం ఈ ప్రాంతమే. కురవిని ముదిగొండ చాళుక్యుల చేతుల్లోంచి లాక్కోవడం, పోగొట్టుకోవడం చుట్టూనే వాళ్ల మొదటి తరాల కథంతా తిరుగుతుంది. పసివాడైన కాకతీయ గరుడ బేతరాజును వెంటబెట్టుకుని చాళుక్య చక్రవర్తి దగ్గరికి వెళ్లి అనుమకొండ ఇప్పించింది విరియాల అనే సామంత కుటుంబపు కామసాని. గూడూరు శాసనం లేకపోతే ఆమె పేరే మిగిలేది కాదు. నన్నడిగితే ఈ వంశానికి మూలపురుషుడి కంటే మూలస్త్రీ గట్టిది.

గుడి బయట వీధిలో ఒకామె కట్టెల పొయ్యి మీద సర్వపిండి కాలుస్తోంది. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, నానబెట్టిన శనగపప్పు, వెల్లుల్లి కారం, కరివేపాకు కలిపి గిన్నె లోపలి గోడకే పలచగా తట్టి, వేలితో ఐదారు చిల్లులు పెట్టి, ఒక్కో చిల్లులో చుక్క నూనె పోసి మూత పెట్టింది. చిల్లులు లేకపోతే మధ్యలో పచ్చి మిగులుతుందట. ఒకటి 30 రూపాయలు. అడుగు కరకర, పైన మెత్తన. ముందురోజు సణిగిన బావగారు మూడు తిని, ఇంకో రెండు కట్టించుకున్నారు. హన్మకొండ హోటల్లో 260 పెట్టి తిన్న భోజనం దీని ముందు దండగ.

బయ్యారంలో చెరువే పెద్ద గురువు. గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ తవ్వించింది, దాని పేరు ధర్మకీర్తి సముద్రం. ఇవాళ్టికీ దాని కింద పొలాలు పారుతున్నాయి. ఆ చెరువు శాసనంలోనే దుర్జయ వంశపు వెన్నరాజు కాకతి పట్టణం నుంచి పాలించాడని, అందుకే వాళ్లు కాకతీశులయ్యారని ఉంది. ఆయన తర్వాత ముగ్గురు గుండరాజులు, వాళ్లను ముగ్గురు రాముళ్లతో పోల్చడం, ఆ తర్వాత ఎఱ్ఱరాజు, వరసగా వస్తారు. చరిత్రకారుల లెక్కలో వెన్నడు తొమ్మిదో శతాబ్దం మొదట్లోని మనిషి. శాసనం అంతకు 400 ఏళ్ల తర్వాతది. నమ్మొచ్చా అంటే సగం నమ్మొచ్చు. ఎందుకంటే తూర్పు చాళుక్య దానార్ణవుడి 956 నాటి మాంగల్లు తామ్రశాసనం కాకతీయుల తొలితరం నాయకుడు కాకర్త్య గుండ్యన పూర్వీకులుగా గుండియ, ఎఱియ, బేతియలను చెబుతుంది. అక్కడి గుండ, ఎఱ్ఱ పేర్లు ఇక్కడా కలుస్తాయి. వెన్నడు మాత్రం అక్కడ లేడు, బయ్యారం ఒక్కటే సాక్ష్యం. పైగా మాంగల్లు శాసనం గుండియకూ ఎఱియకూ రాష్ట్రకూట అని తగిలిస్తుంది. అది వంశం పేరా, ఉద్యోగమా అన్న దాని మీద పండితులు ఇంకా తేల్చుకోలేదు. ఉద్యోగమే అన్న వాదన వైపు నేను మొగ్గుతాను. బేతియకు ఆ తోక లేకపోవడం దీనికి పనికొచ్చే సాక్ష్యం.

బయ్యారంలో కాఫీ, బాత్రూము దొరకడం కష్టం. మహబూబాబాద్‌లోనే ముగించుకుని, మనిషికి రెండు లీటర్ల నీళ్లు పట్టుకెళ్లండి. వానాకాలం చివర, చెరువు నిండినప్పుడు వెళ్తే మైలాంబ ఎంత పెద్ద పని చేయించిందో తెలుస్తుంది. శాసన పాఠం ముందే ప్రింటు తీసుకుని వెళ్లాలి, అక్కడ చెప్పేవాళ్లు ఉండరు.

బస గురించి ఒక్క హెచ్చరిక. హన్మకొండ బస్టాండు దగ్గర మేం దిగిన లాడ్జిలో బోర్డు మీద 24 గంటల చెకౌట్ అని ఉంది, గది 1,800. రాత్రి 9కి దిగి మర్నాడు మధ్యాహ్నం 3కి ఖాళీ చేస్తే, చెకౌట్ 12కే అంటూ ఇంకో 900 వేశారు. రిజిస్టరులో దిగిన టైము పక్కన ఖాళీ చేసే టైము కూడా వాళ్ల చేతనే రాయించి, ఆ పేజీ ఫోటో తీసుకోండి. రైలు దిగేది కాజీపేటలోనైతే గదీ అక్కడే తీసుకోవచ్చు, హన్మకొండకు బస్సులు ఎప్పుడూ ఉంటాయి.

ఆంధ్ర వైపు నుంచి వచ్చేవాళ్లకు మోటుపల్లి దగ్గర, చినగంజాం నుంచి వెళ్లొచ్చు. అది చూసి తర్వాత బయ్యారం వస్తే సూర్యుడి నుంచి వెన్నడి దాకా కిందికి దిగినట్టుంటుంది. బయ్యారం ముందు చూస్తే కథ ఎలా అతికించారో బాగా తెలుస్తుంది. నేనైతే బయ్యారమే ముందు అంటాను.