బుడమేరు ముంపు లెక్కకు ఏ జనాభా గ్రిడ్ మేలు: వరల్డ్‌పాపా, ల్యాండ్‌స్కానా?

విజయవాడలో బుడమేరు వాగు పొంగితే అజిత్‌సింగ్‌నగర్ వైపు ఎంతమంది నీళ్లలో చిక్కుకుంటారు? ఇది తేల్చడానికి జనాభా గ్రిడ్ కావాలి, అంటే నేలను గడులుగా విడగొట్టి ఒక్కో గడిలో ఎంతమందో అంచనా వేసిన మ్యాప్. వరల్డ్‌పాప్, ల్యాండ్‌స్కాన్ అలాంటివే. ఈ లెక్కకు వరల్డ్‌పాప్ వాడండి, అందులోనూ కట్టడాలున్న గడులకే జనాన్ని పంచిన రకం. అన్ని గడులకూ పంచే రెండో రకం పొలాల మీద కూడా జనాన్ని చల్లుతుంది.

ల్యాండ్‌స్కాన్ ఇక్కడ ఎందుకు చాలదంటే, దాని గడి 30 ఆర్క్‌సెకన్లు (ఆర్క్‌సెకన్ అంటే డిగ్రీలో 3,600వ వంతు). విజయవాడ దగ్గర ఒక్కో గడి 0.8 చదరపు కిలోమీటర్లు దాటుతుంది. నగరం 61.88 చదరపు కిలోమీటర్లు, డివిజన్లు 64. అంటే సగటున డివిజన్‌కు ఒక గడికి కాస్త ఎక్కువ. హద్దు మీది గడులను విడగొట్టకపోతే, గడి మధ్యబిందువు ఎక్కడ పడితే జనమంతా ఆ డివిజన్ ఖాతాలోకే వెళ్తారు, పక్క చిన్న డివిజన్‌కు సున్నా రావచ్చు. వరల్డ్‌పాప్ గడి 3 ఆర్క్‌సెకన్లే, సుమారు 89 మీటర్లకు 92 మీటర్లు.

పైగా ల్యాండ్‌స్కాన్ గ్లోబల్ చూపేది 24 గంటల సగటు. వరద అర్ధరాత్రి వస్తే ఇళ్లలో ఎవరున్నారన్నదే మనకు కావాలి. గుంటూరు మిర్చి యార్డు లాంటి చోట పగటి ప్రమాదానికైతే ల్యాండ్‌స్కానే ముందు తీయాలి, కానీ సీజన్ రద్దీని అది విడిగా చూపదు.

వరల్డ్‌పాప్‌నూ గుడ్డిగా నమ్మకూడదు. ఆటోనగర్ షెడ్డును ఇల్లనుకుంటే అక్కడ జనం పెరుగుతారు. మొగల్రాజపురం కొండవాలులో ఆనుకున్న ఇళ్లు ఒకే కప్పుగా కనిపిస్తే తగ్గుతారు.

చాలామంది తప్పటడుగు వేసేది సరిచూసేటప్పుడే. జిల్లా మొత్తం జనాభా లెక్కలతో సరిపోయిందని సంతోషించకండి, ఆ మొత్తానికి సరిపడేలాగే గ్రిడ్ తయారైతే సరిపోక ఏమవుతుంది? గ్రిడ్ తయారీలో వాడని వార్డు అంకెలతో పోల్చాలి. 2011 అంకెలకు 2011 గ్రిడ్, ఆనాటి వార్డు హద్దులే వాడాలి, నేటి 64 డివిజన్లు పనికిరావు.

గడుల ఫైలైన రాస్టర్‌ను రీప్రొజెక్ట్ చేయకండి, అంటే వేరే మ్యాప్ ప్రొజెక్షన్‌లోకి మార్చకండి, తలల లెక్క చెడిపోతుంది. వార్డు హద్దులనే దాని ప్రొజెక్షన్‌లోకి మార్చండి. వరల్డ్‌పాప్‌లో విలువ లేని గడులకు ఉండే మైనస్ 99999ను నోడేటాగా (లెక్కలోకి రానిదిగా) పెట్టకపోతే మొత్తమే మైనస్‌లోకి పోతుంది. హద్దు మీది గడులను విస్తీర్ణం నిష్పత్తిలో పంచి, వార్డువారీగా కూడండి, సగటు తీయకండి.

మూడు వార్డుల్లో గ్రిడ్‌కూ జనాభా లెక్కలకూ తేడాలు +3,000, −3,000, 0 అనుకోండి. కూడితే సున్నా, అంతా బాగున్నట్టే. గుర్తులు వదిలి సగటు తీస్తే 2,000, ఆర్‌ఎమ్‌ఎస్‌ఈ (తేడాల వర్గాల సగటుకు వర్గమూలం) సుమారు 2,449. ఈ రెండూ చూసి, తేడాలను వార్డు మ్యాప్‌పై రంగులతో పరచండి. తక్కువ చూపిన వార్డులన్నీ బుడమేరు ఒడ్డునే గుంపుకడితే, పడవలూ ఆహార పొట్లాలూ ఆ అంకెతో లెక్కించకండి, ఇళ్ల సర్వేతో దిద్దాకే వాడండి.