అమీబా సైజు తేల్చడానికి ఐపీస్ గీతలా, ఫోన్ ఫొటోనా? ఏది మేలు?

వానలకు నాగావళి నీళ్లు ఎర్రబడ్డాయంటే రాయగడలో మా ల్యాబ్ బల్ల మీద మోషన్ శాంపిళ్ల డబ్బాలు వరుస కడతాయి. ఒడియావాళ్లు ఝాడా అంటారు, మనం విరేచనాలంటాం. స్లైడు మీద కనబడే అమీబా మాత్రం ఒకటే. దాన్ని కొలిచే దగ్గరే నాకూ మా కుర్రాళ్లకూ పేచీ. ఫోన్‌తో ఫొటో తీసి, కంప్యూటర్లో ఫొటోలు కొలిచే సాఫ్ట్‌వేర్ ఇమేజ్‌జేలో కొలుద్దామంటారు వాళ్లు. నేనేమో ఐపీస్‌లో, అంటే మైక్రోస్కోపుకు కన్ను ఆనించే కటకంలో, గీతల బిళ్ల వేసుకున్న పాతకాలపువాణ్ణి.

ఇంతకీ కొలవడం ఎందుకు? నాలుగు కేంద్రకాల సిస్టు (గట్టి పొరలో ముడుచుకున్న అమీబా) కనబడగానే, జబ్బు చేసే ఎంటమీబా హిస్టోలిటికా అని రాసేయకూడదు. అచ్చం అలాగే ఉండే హార్ట్‌మన్నీ ఏ హానీ చేయదు. దాని సిస్టు 10 మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) లోపే. హిస్టోలిటికాది 10 నుంచి 20, ఎక్కువగా 12–15. డిస్పార్ అని ఇంకోటుంది, అది సైజులోనూ హిస్టోలిటికాకు కవలే. దాన్ని ఏ స్కేలుతోనూ విడదీయలేం, ఆ గొడవ ఇక్కడ వదిలేద్దాం.

గీతల బిళ్ల మీద వంద గీతలుంటాయి గానీ వాటికి సొంత విలువ లేదు. 1 మిల్లీమీటరును 100 భాగాలు చేసిన స్టేజ్ మైక్రోమీటర్ స్లైడును కింద పెట్టి లెక్క కట్టుకోవాలి. అందులో ఒక్కో భాగం 10 మైక్రాన్లు. మా 40 ఆబ్జెక్టివ్‌లో (స్లైడు వైపు ఉండే, 40 రెట్లు పెద్దది చేసే కటకం) ఐపీస్ 40 గీతలు కింది 10 భాగాలతో సరిపోతాయి. అంటే గీతకు 2.5 మైక్రాన్లు. ఆబ్జెక్టివ్ మారినా, మైక్రోస్కోపు మారినా మళ్లీ లెక్కే. ఆ అంకెల చీటీని మైక్రోస్కోపుకే అంటించేశాను. ఇక సిస్టు నాలుగు గీతలు దాటిందా లేదా అని చూడటమే పని. మరీ అంచున ఉంటే, నూనె చుక్క వేసి చూసే ఇంకా పెద్ద ఆయిల్ ఆబ్జెక్టివ్‌కి మారతాను, అక్కడ గీత దాదాపు 1 మైక్రాన్.

ఫోన్ సంగతికొస్తే, ఒకసారి బాగా ఇరుక్కున్నాను. గుణుపూర్‌లో పనిచేసే మా శిష్యుడు వాట్సాప్‌లో ఫొటో పంపాడు, వాడిచ్చిన స్కేలు అంకె (మైక్రానుకు ఎన్ని పిక్సెళ్లన్నది) వేసి కొలిచాను. సిస్టు 5 మైక్రాన్లు! హార్ట్‌మన్నీ అని చెప్పబోతూ పక్కనున్న ఎర్ర రక్తకణాన్ని కొలిస్తే 3 వచ్చింది. ఏడున్నర ఉండాల్సిన కణం మూడా? తీరా చూస్తే 4000 పిక్సెళ్ల వెడల్పు ఫొటో నా దగ్గరికి 1600కి కుదించుకుపోయి దిగింది. అసలు సిస్టు 13 మైక్రాన్లు. జూమ్ కొంచెం కదిపినా ఇదే తంటా.

అంకెల మోజు ఇంకో చికాకు. సాఫ్ట్‌వేర్ 12.347 అని చూపిస్తుంది. 40 ఆబ్జెక్టివ్ అర మైక్రాను కంటే దగ్గరగా ఉన్న రెండు చుక్కల్ని విడదీసి చూపలేదు. మరి ఆ చివరి అంకెలు ఎక్కడివి?

అయితే ఆకారం విషయంలో ఫోన్‌కే నా ఓటు. సగానికి కోసిన జామకాయలా ఉండే జియార్డియా అనే ఇంకో పేగు పరాన్నజీవి ట్రోఫోజాయిట్ (కదిలే రూపం) రాలుతున్న ఆకులా దొర్లుతూ పోతుంటే, గీతల మీద దాని పొడవూ వెడల్పూ పట్టుకోవడం నా వల్ల కాదు. వీడియో ఆపి కొలవచ్చు. 1997లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ ఎన్ఐహెచ్‌లో పుట్టిన ఇమేజ్‌జే ఇప్పటికీ ఉచితమే. అంచు గీసిస్తే వైశాల్యం, చుట్టుకొలత, గుండ్రదనం అన్నీ చెబుతుంది. సరైన వృత్తానికి గుండ్రదనం 1, సాగినకొద్దీ తగ్గుతుంది. యాభై కణాలు కొలవాల్సిన ప్రాజెక్టు పిల్లలకు అదే దారి. రంగు వేసి ఆరబెట్టిన స్లైడులో కణం కొంత ముడుచుకుంటుంది కాబట్టి, ఏ పద్ధతైనా తడి స్లైడా రంగు స్లైడా అన్నది పక్కన రాయాలి.

రోజువారీ రిపోర్టుకు మాత్రం నేను గీతల బిళ్లే వాడతాను. కరెంటు పోయినా కిటికీ వైపు అద్దం తిప్పి కానిచ్చేస్తాను. గుణుపూర్ శిష్యుడు ఇప్పుడు ఫొటోలు కుదించుకుపోకుండా డాక్యుమెంటుగా పంపుతున్నాడు, అదే జూమ్‌లో తీసిన స్టేజ్ మైక్రోమీటర్ ఫొటో జతచేసి. నేను ముందు ఎర్ర కణాన్నే కొలుస్తాను.